బాక్సింగ్ యుద్ధ కళ అవుతుందా, క్రీడ మాత్రమేనా?

సౌత్‌పా

సభ్యులందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా బాక్సింగ్ సాధన చేస్తున్నాను. ఔత్సాహిక స్థాయిలో ఇరవైకి పైగా పోటీలలో పాల్గొన్నాను. మూడేళ్లుగా, మొదటిసారి గ్లవ్స్ తొడుక్కునే పిల్లలకు నిలబడడం, అడుగు వేయడం నేర్పుతున్నాను. కొన్ని వారాలుగా నన్ను వదలని ప్రశ్న ఒకటి మీ ముందు పెడుతున్నాను.

ఇటీవల రకరకాల యుద్ధ కళలను ఒకే వేదిక మీద చూపించే ప్రదర్శన జరిగింది. కరాటే, జూడో, టైక్వాండో, కుంగ్‌ఫూ సాధకులందరూ వచ్చారు. మా పిల్లలకు కూడా పది నిమిషాలు ఇమ్మని అడిగాను. నిర్వాహకులు మర్యాదగానే మాట్లాడారు గానీ, "బాక్సింగ్ ఆట కదండీ, ఇది యుద్ధ కళల వేదిక" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. నా పక్కనే నిలబడి విన్న పన్నెండేళ్ల పిల్లవాడు తిరిగి వస్తూ "అయితే మనం నేర్చుకునేది ఏమిటి సార్?" అని అడిగాడు. వాడికి ఏదో సర్దిచెప్పాను. ఆ సర్దుబాటు నాకే నచ్చలేదు.

ఒక విద్యను యుద్ధ కళ అని పిలవడానికి కొలబద్ద ఏది? రంగు పట్టీలా, కటాల వంటి నిర్ణీత విన్యాసాలా, వంగి నమస్కరించే సంప్రదాయమా, తూర్పు దేశాలలో పుట్టి ఉండడమా, ఆపదలో ప్రాణం కాపాడే గుణమా? బాక్సింగ్‌ను మెచ్చుకునే మాటలు నాకు అక్కరలేదు. ఆ కొలబద్ద ఏదో, అది అన్ని విద్యలకూ ఒకేలా ఎలా వర్తిస్తుందో చెప్పండి. "కాదు" అనే జవాబే వచ్చినా, కారణం సరైనదైతే ఆ పిల్లవాడికి అదే చెబుతాను.

కటా సాధకుడు

సౌత్‌పా గారూ, ఇరవై రెండేళ్లుగా కరాటే నేర్చుకుంటూ, నేర్పుతూ ఉన్నవాడిని. బాక్సర్ల దమ్మునూ కష్టాన్నీ దగ్గరి నుంచి చూశాను కాబట్టి మీ విద్యను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయినా బాక్సింగ్ యుద్ధ కళ కాదనే నేను అనుకుంటున్నాను.

బాక్సింగ్ మొత్తం ఒక ఒప్పందం మీద నిలబడి ఉంది. ఎదుటివాడు కాలితో తన్నడు, చొక్కా పట్టుకోడు, నడుము పట్టి పడవేయడు, కిందపడితే మీదికి రాడు, బరువులో నాకు సమానంగా ఉంటాడు, చేతులకు మెత్తటి గ్లవ్స్ ఉంటాయి, గంట కొట్టగానే ఆగిపోతాడు. దాడి చేసేవాడు ఈ షరతులలో ఒక్కదానికైనా ఒప్పుకుంటాడా? బాక్సర్ నిలబడే తీరు, తల వంచే తీరు, చేతులు పెట్టుకునే తీరు అన్నీ ఈ ఒప్పందం లోపలే సరిపోతాయి. నడుము దాకా వంగి దెబ్బ తప్పించుకునేవాడికి మోకాలు ఎదురొస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇది ఊహ కాదు. 1993లో డెన్వర్‌లో జరిగిన, రకరకాల విద్యలవారు అతి తక్కువ నియమాలతో తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో ఆర్ట్ జిమ్మర్‌సన్ అనే బాక్సర్ ఒక చేతికి మాత్రమే గ్లవ్ వేసుకుని దిగాడు. రాయిస్ గ్రేసీ అతణ్ణి కిందపడేసి మీద కూర్చోగానే ఓటమి ఒప్పుకున్నాడు. 2010లో అదే యూఎఫ్‌సీలో జేమ్స్ టోనీ, బాక్సింగ్‌లో పలు బరువు విభాగాలలో ప్రపంచ విజేతగా నిలిచినవాడు, రాండీ కోచూర్ చేతిలో మొదటి రౌండ్ కూడా దాటలేకపోయాడు. తన నియమాలు తొలగిపోగానే ఒక విద్య ఇంత త్వరగా నిస్సహాయమైపోతే, అది యుద్ధానికి సంబంధించిన విద్య అని ఎలా అనగలం?

పాత పుటలు

కటా సాధకుడు గారు చెప్పిన ఒప్పందం నిజమే. కానీ అది బాక్సింగ్‌తో పాటు పుట్టలేదు, తర్వాత వచ్చి చేరింది. ఎలా చేరిందో చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆధునిక బాక్సింగ్ మూలపురుషుడిగా అందరూ చెప్పుకునే జేమ్స్ ఫిగ్ 1719లో లండన్‌లో తెరిచిన శిక్షణశాలలో ప్రధానంగా నేర్పినది కత్తిసాము, కర్రసాము. పిడికిలి పోరు వాటి పక్కనే, అదే విద్యలో ఒక భాగంగా ఉండేది. ఆయన తనను ఆత్మరక్షణ విద్యలో ఆచార్యుడిగా చెప్పుకున్నాడు గానీ ఆటగాడిగా చెప్పుకోలేదు. 1743లో జాక్ బ్రాటన్ రాసిన నియమాలు కిందపడినవాణ్ణి కొట్టకూడదనీ, నడుము కింద పట్టుకోకూడదనీ చెప్పాయి. అంటే నడుము పైన పట్టుకుని పడవేయడం అప్పటి బాక్సింగ్‌లో మామూలు విషయం. 1795లో జాన్ జాక్సన్ తన ప్రత్యర్థి డానియల్ మెండోజా జుట్టు ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో కొట్టి గెలిచాడు, అప్పటి నియమాల ప్రకారం అది తప్పు కాదు. ఆ మెండోజా 1789లోనే బాక్సింగ్ మీద పుస్తకం రాసి, తనకన్నా బరువైనవారి దెబ్బలను చేతులతో అడ్డుకోవడం, పక్కకు జరగడం పద్ధతిగా నేర్పినవాడు.

మీరు చూస్తున్న నేటి బాక్సింగ్‌కు రూపం ఇచ్చినవి 1867 నాటి క్వీన్స్‌బరీ నియమాలు. మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విశ్రాంతి, పడినవాడు లేవడానికి పది సెకన్లు, గ్లవ్స్, కుస్తీ పట్లకూ కౌగిలింతలకూ నిషేధం, అన్నీ అందులోనివే. ఆ తర్వాత కూడా ఉత్త పిడికిళ్ల పోరు వెంటనే పోలేదు. 1889లో జాన్ ఎల్. సల్లివన్, జేక్ కిల్‌రెయిన్ పాత పద్ధతిలో 75 రౌండ్లు పోరాడారు. మూడేళ్ల తర్వాత అదే సల్లివన్ గ్లవ్స్ వేసుకుని జేమ్స్ కార్బెట్ చేతిలో ఓడిపోయాడు. ఒక యుగం నుంచి మరో యుగంలోకి మారడం ఒకే మనిషి జీవితంలో జరిగిపోయింది.

ఇంకా వెనక్కి వెళితే, ప్రాచీన గ్రీకుల ఒలింపిక్ క్రీడలలో ముష్టియుద్ధం క్రీ.పూ. 688లో చేరింది. కొరకడం, కళ్లు పొడవడం తప్ప దాదాపు అన్నీ చెల్లే పాంక్రేషన్ క్రీ.పూ. 648లో చేరింది. అన్నీ అనుమతించే పోటీ పక్కనే ఉన్నా, చేతులతో మాత్రమే పోరాడే పోటీని వాళ్లు శతాబ్దాల పాటు వదులుకోలేదు. ఆ ఇరుకుదనంలో వాళ్లకు ఏదో విలువ కనిపించి ఉండాలి.

ఇక పేరు సంగతి. యుద్ధ కళలను ఇంగ్లీషులో మార్షల్ ఆర్ట్స్ అంటారు. అందులో మార్షల్ అన్న మాటకు మూలం రోమనుల యుద్ధ దేవుడు మార్స్. చైనాలో తైజీచువాన్ వంటి పేర్ల చివర ఉన్న "చువాన్" అన్న మాటకు పిడికిలి అని అర్థం. అందుకే 1900 ప్రాంతంలో చైనాలో విదేశీయుల మీద తిరగబడిన యుద్ధ విద్యల సాధకులను ఆంగ్లేయులు "బాక్సర్లు" అని పిలిచారు. వాళ్ల కళ్లకు అది బాక్సింగ్‌లాగే కనిపించింది. తూర్పు విద్యలను బాక్సింగ్ అని పిలిచిన ప్రపంచం ఇప్పుడు బాక్సింగ్‌ను ఆ విద్యల పక్కన నిలబెట్టడానికి ఎందుకు తటపటాయిస్తోందో ఆలోచించవలసిన విషయం.

తెల్ల గీ

పాత పుటలు గారికి కృతజ్ఞతలు. నేను జూడో వైపు నుంచి ఒక మాట చెబుతాను.

జిగోరో కానో 1882లో జూడోను స్థాపించినప్పుడు జపాన్ పాత యుద్ధ విద్య జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను, దెబ్బలను స్వేచ్ఛా సాధన నుంచి తొలగించాడు. ప్రమాదం తగ్గింది కాబట్టి శిష్యులు ఎదిరించే ప్రత్యర్థితో పూర్తి బలం పెట్టి ప్రతిరోజూ తలపడగలిగారు. ప్రాణాంతకమైన పట్టును జీవితంలో ఒక్కసారీ నిజంగా ప్రయోగించి చూడని వాడికన్నా, సాధారణమైన పట్టును పదివేల సార్లు ఎదిరించే మనిషి మీద ప్రయోగించినవాడు బలవంతుడవుతాడన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. నియమాలు విద్యను బలహీనపరుస్తాయనే వాదనకు జూడోయే జవాబు. గ్లవ్స్, గంట, బరువు విభాగాలు బాక్సింగ్‌కు చేసిన మేలు కూడా ఇదే.

జూడో 1964లో ఒలింపిక్ క్రీడ అయింది. 2010 తర్వాత పోటీలలో చేతులతో కాళ్లు పట్టుకోవడాన్ని కూడా క్రమంగా నిషేధించారు. ఆ నిషేధంతో జూడో యుద్ధ కళ కాకుండా పోయిందని ఎవరైనా అన్నారా? పట్టీల విషయానికి వస్తే, నల్ల పట్టీ స్థాయిని తెలిపే డాన్ శ్రేణులను జూడోలో ప్రవేశపెట్టినది 1883లో, కరాటే గురువు ఫునాకోషి తన శిష్యులకు మొదటిసారి డాన్ ఇచ్చినది 1924లో. సౌత్‌పా గారు రాసిన జాబితాలోని మొదటి కొలబద్ద క్వీన్స్‌బరీ నియమాలకన్నా వయసులో చిన్నది.

నిత్య సందేహి

చిన్న మాట. మన భాషలో విలువిద్య, మల్లవిద్య, గదావిద్య అన్నారు గానీ వాటికి "కళ" అన్న మాట తగిలించలేదు. "యుద్ధ కళ" ఇటీవలి అనువాదం. బాక్సింగ్‌కు ఉన్న తెలుగు మాటేమో ముష్టియుద్ధం, అందులో యుద్ధం ఎప్పటి నుంచో ఉంది. "ఇది కళేనా" అని కాకుండా "ఇది విద్యేనా, అయితే దేనికి సంబంధించిన విద్య" అని అడిగితే మన చర్చ కొంత తేలిక అవుతుందేమో.

కటా సాధకుడు

పట్టీలు కొలబద్ద కావని ఒప్పుకుంటున్నాను. తూర్పు పడమరల మాట నేను ఎత్తనే లేదు, దాన్ని పక్కన పెడదాం. కానీ తెల్ల గీ గారి వాదనలో ఒక ముఖ్యమైన అంశం జారిపోయింది. కానో ప్రమాదకరమైన దెబ్బలను స్వేచ్ఛా సాధన నుంచి తొలగించాడు గానీ జూడో నుంచి తొలగించలేదు. వాటిని కటాలలో భద్రపరిచాడు. జూడో పోటీలో పిడికిలి దెబ్బ లేదు, జూడో కటాలో ఉంది. కరాటేలోనూ అంతే. పోటీలో చేయకూడనివి, మణికట్టు విడిపించుకోవడం, మోచేతి దెబ్బ, గొంతు మీద దాడి, ఇవన్నీ కటాలలో ఉన్నాయి. సాధకుడు రోజూ వాటి గుండా నడుస్తాడు.

పాత పుటలు గారు రాసినదాన్నే తీసుకుందాం. బ్రాటన్ కాలంలో బాక్సర్ నడుము పైన పట్టుకుని పడవేసేవాడు. ఆ పట్టు ఈ రోజు ఏ బాక్సింగ్ జిమ్‌లో నేర్పుతున్నారు? ఎక్కడ దాచారు? ఒక్క తరం పోటీలలో వాడకపోయేసరికి అది విద్య నుంచే మాయమైపోయింది. నియమాలు పోటీని మాత్రమే మార్చి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి. బాక్సింగ్‌లో నియమాలు విద్యనే మార్చేశాయి, ఎందుకంటే అక్కడ పోటీకి బయట విద్య అంటూ ఏమీ మిగలలేదు. అంతరించిపోయిన యుద్ధ కళలో బతికి ఉన్న క్రీడా భాగం అని బాక్సింగ్‌ను పిలవడం న్యాయమని నా ఉద్దేశం.

సౌత్‌పా

కటా సాధకుడు గారూ, ఈ ప్రశ్న నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. పడవేత పోయిందన్న మాట నిజం. నేను నేర్చుకోలేదు, నాకు నేర్పినవారికీ తెలియదు. అయితే పోయిన చోట ఏం పెరిగిందో చెప్పడానికి అనుమతించండి.

కొత్తగా వచ్చిన పిల్లవాడికి మొదటి నెలంతా జాబ్, అంటే ముందు చేతితో నేరుగా వేసే దెబ్బ, ఒక్కటే నేర్పుతాను. చూసేవారికి అది చేయి చాచడంలా ఉంటుంది. వెనుక పాదం నేలను నెడుతుంది, ముందు పాదం నాలుగు అంగుళాలు జారుతుంది, భుజం లేచి గడ్డాన్ని కప్పుతుంది, పిడికిలి తగిలే క్షణంలో మాత్రమే బిగుసుకుంటుంది, వెళ్లిన దారినే తిరిగి చెంప దగ్గరికి వస్తుంది. ఆ ఒక్క దెబ్బతో దూరం కొలవవచ్చు, ఎదుటివాడి చూపు కప్పవచ్చు, అతని అడుగును ఆపవచ్చు, వెనుక వచ్చే కుడిచేతికి దారి తెరవవచ్చు, ఏమీ కాకపోతే అతను ఎలా స్పందిస్తాడో చదవవచ్చు. ఒక్క కదలికలో ఇన్ని పనులు ఎలా కుదిరాయంటే, కాళ్లూ పట్లూ తీసివేసిన ఆ చిన్న చోటులో దాదాపు నూటయాభై ఏళ్లుగా వేలమంది రోజూ నిజంగా ఎదిరించుకుంటూ వెతికారు కాబట్టి. బావిని వెడల్పు చేయకుండా లోతుకు తవ్వినట్టు అనుకోండి.

ఇక మూడో నెలలో నేర్పేది ఇంకా కష్టమైనది. దెబ్బ వస్తున్నప్పుడు కళ్లు తెరిచి ఉంచడం. మనిషి శరీరం దీనికి ఒప్పుకోదు. మొదట మెత్తగా నుదుటి మీద తట్టుతూ, తర్వాత కొంచెం వేగం పెంచుతూ, వాడు రెప్ప వేయకుండా నా భుజాన్ని చూడగలిగే దాకా ఓపిక పట్టాలి. ఈ గుణం ఏ కటాలోనూ దొరకదు. మరో మనిషి నిజంగా మన వైపు చేయి విసిరితేనే దొరుకుతుంది. భయం ఉండగానే ఆలోచించగలగడాన్ని యుద్ధ విద్యలో మొదటి పాఠంగా ఒప్పుకోని సంప్రదాయం ఉందని నేను అనుకోను.

మీరు స్పష్టంగా అనకపోయినా చాలామంది అనే మాట ఒకటి ఉంది, బాక్సింగ్‌లో గురుశిష్య ధర్మం లేదని. 1975 అక్టోబరు 1న మనీలాలో ప్రపంచ కిరీటం కోసం బాక్సర్లు ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ తలపడినప్పుడు పద్నాలుగు రౌండ్లు పూర్తయ్యాయి. ఫ్రేజియర్ కళ్లు వాచి మూసుకుపోతున్నాయి, అయినా పదిహేనో రౌండుకు లేస్తానన్నాడు. ఆయన శిక్షకుడు ఎడ్డీ ఫచ్ లేవనివ్వలేదు. ప్రపంచ కిరీటం ఇంకొక్క మూడు నిమిషాల దూరంలో ఉండగా శిష్యుడి చూపునూ ప్రాణాన్నీ ముందు పెట్టాడు. ఆచార్యుడు అంటే ఏమిటో నాకు అర్థమైనది అక్కడే. రింగులో నా మూలలో కూర్చునే పిల్లల విషయంలో నేను నిర్ణయం తీసుకునే ప్రతిసారీ అదే గుర్తుకు వస్తుంది.

గ్లవ్స్ గురించి మీరు చెప్పినది పూర్తిగా నిజం. గ్లవ్ లేకుండా తల మీద బలంగా కొడితే చిటికెన వేలి కింద ఉండే అరచేతి ఎముక విరగడం ఎంత మామూలంటే, వైద్యులు ఆ విరుపుకు బాక్సర్ పేరే పెట్టారు. ఈ విషయం పిల్లలకు ఇంతవరకు నేను చెప్పలేదు. అది నా లోపం.

రెండో అభిప్రాయం

నేను వైద్యురాలిని. ఇక్కడ అందరూ బాక్సింగ్ ఎదుటివారిని ఏం చేయగలదో చర్చిస్తున్నారు, అది సాధకుణ్ణి ఏం చేస్తుందో ఎవరూ ఎత్తలేదు. యుద్ధ కళ అన్నదానికి ఆత్మరక్షణ ఒక లక్షణమైతే ఈ ప్రశ్న తప్పించుకోలేనిది.

గ్లవ్ ప్రధానంగా కాపాడేది కొట్టేవాడి చేతిని. చేతికి భయం లేకపోవడంతో తలకు తగిలే దెబ్బల సంఖ్య పెరుగుతుంది. తలకు తొడిగే హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా ఆపుతుంది గానీ, పుర్రె లోపల మెదడు మెలితిరగడాన్ని ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషుల పోటీల నుంచి దాన్ని తీసివేశారు కూడా. బాక్సర్లలో కనిపించే తడబాటు, మాట ముద్దకావడం, మతిమరుపు గురించి హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే వైద్య పత్రికలో రాశాడు. 1982 నవంబరులో బాక్సర్ రే మాన్సినీతో పద్నాలుగో రౌండు దాకా పోరాడిన కొరియా యువకుడు డక్ కూ కిమ్ కొన్ని రోజులకే మెదడు గాయంతో మరణించాడు. ఆ తర్వాతే ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ పదిహేను రౌండ్ల పోటీలను పన్నెండుకు తగ్గించింది.

తనను తాను కాపాడుకోవడానికి నేర్చుకున్న విద్య, ఎప్పుడో రాబోయే దాడి కోసం ప్రతి వారం తన మెదడునే ఖర్చు పెట్టిస్తే, దాన్ని రక్షణ అని నేను అనలేను. ఇది బాక్సింగ్ మొత్తానికి వర్తించదు. సంచి మీద సాధన, జంటగా నిర్ణీత కదలికల సాధన, తలను వదిలి శరీరం మీద మాత్రమే మెత్తగా కొట్టుకునే స్పారింగ్ (ఇద్దరు తలపడే సాధన), వీటితో మెదడుకు అంత ప్రమాదం లేదు. పిల్లలకు నేర్పేవారు ఏ పేరు వేదిక మీద ఎక్కామన్నదానికన్నా, వారానికి ఎన్నిసార్లు తలకు దెబ్బలు తగలనిస్తున్నామన్నది ముందు చూసుకోవాలని కోరుతున్నాను.

ఆలస్యంగా మొదలుపెట్టాను

నలభై రెండేళ్ల వయసులో బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన గృహిణిని. పోటీలకు ఎన్నడూ వెళ్లలేదు. కిందటి సంవత్సరం ఒక రాత్రి నిర్మానుష్యంగా ఉన్న చోట ఒక వ్యక్తి నా మీదికి వచ్చి భుజం పట్టుకోబోయాడు. నేను అతణ్ణి కొట్టలేదు. ఆలోచించకుండానే చేతులు పైకి లేచాయి, గడ్డం కిందికి దిగింది, ఎడమ పాదం పక్కకు జరిగింది, అతని చేయి గాలిలోకి పోయింది. నేను పరుగెత్తాను. వందల సార్లు విసుగ్గా చేసిన ఆ పక్క అడుగు నన్ను ఇంటికి చేర్చింది. దీన్ని క్రీడ అన్నా, కళ అన్నా నాకు అభ్యంతరం లేదు గానీ, యుద్ధానికి సంబంధం లేనిదని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

పాత పుటలు

కటా సాధకుడు గారు చూపించిన రెండు ఉదాహరణల గురించి చెప్పవలసింది మిగిలిపోయింది. జిమ్మర్‌సన్, టోనీ ఓడినది నిజమే. కానీ అదే మొదటి యూఎఫ్‌సీలోనూ ఆ తర్వాతి పోటీలలోనూ నేల మీద పోరు తెలియని కరాటే, కుంగ్‌ఫూ సాధకులు కూడా అలాగే ఓడారు. అవన్నీ యుద్ధ కళలు కాకుండా పోలేదు. ఎవరి నియమాలు అన్నదే అక్కడ ఫలితాన్ని నిర్ణయిస్తుంది. 1976 జూన్ 26న టోక్యోలో ముహమ్మద్ అలీ, జపాన్ కుస్తీవీరుడు ఆంటోనియో ఇనోకీ పదిహేను రౌండ్లు తలపడ్డారు. ఇనోకీ ఎక్కువ సేపు నేల మీద పడుకుని అలీ కాళ్ల మీద తన్నుతూనే ఉన్నాడు. చివరకు సమంగా ముగిసింది. అలీ కాళ్లు దెబ్బతిన్నాయి. 2017లో యూఎఫ్‌సీ విజేత కోనర్ మెక్‌గ్రెగర్ బాక్సింగ్ నియమాలకు ఒప్పుకుని దిగితే బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ పదో రౌండులో ముగించాడు. రెండు విద్యలు కలిసిన చోట ఏది గొప్పదో తేలదు, ఏ షరతుల మీద కలిశాయో తేలుతుంది.

మరొక సాక్ష్యం కూడా ఉంది. ఇతర యుద్ధ విద్యలు బాక్సింగ్‌ను తమ బంధువుగానే చూశాయి. 19వ శతాబ్దం మొదటి సగంలో షార్ల్ లెకూర్ ఫ్రెంచి వారి కాలి పోరుకు ఇంగ్లీషు బాక్సింగ్ చేతులను జోడించి సవాత్‌కు కొత్త రూపం ఇచ్చాడు. చేతులకు తాళ్లు చుట్టుకుని పోరాడిన థాయ్ వీరులు 1920ల తర్వాత గ్లవ్స్, రింగు, రౌండ్లు బాక్సింగ్ నుంచి తీసుకున్నారు. బ్రూస్ లీ 1958లో హాంకాంగ్‌లో పాఠశాలల బాక్సింగ్ పోటీ గెలిచాడు, తర్వాత తాను రూపొందించిన జీత్ కున్ డో విద్యలో బాక్సింగ్ నుంచీ కత్తిసాము నుంచీ ధారాళంగా స్వీకరించాడు. అమెరికా సైనికాధికారులను తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీలో వందేళ్లకు పైగా బాక్సింగ్ శిక్షణలో భాగంగా ఉంది. బ్రిటిష్ పారాచూట్ దళంలో చేరదలచినవారు గ్లవ్స్ వేసుకుని 60 సెకన్ల పాటు వెనక్కి తగ్గకుండా ఒకరినొకరు కొట్టుకునే పరీక్ష ఒకటి ఉంది. అందులో తప్పించుకోవడం ఉండదు కాబట్టి దాన్ని బాక్సింగ్ అనలేం. కానీ సౌత్‌పా గారు చెప్పిన, రెప్ప వేయని గుణాన్నే అక్కడా వెతుకుతున్నారు.

కటా సాధకుడు

నేను చెప్పినదాన్ని కొంత సవరించుకుంటున్నాను. అందుకు కారణం మీ ఉదాహరణలకన్నా నా విద్యలో నేను చూసినదే ఎక్కువ.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే మొదటిసారి చేరింది. 75 కిలోలకు పైబడిన పురుషుల ఫైనల్‌లో సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేదీ ఆధిక్యంలో ఉండి, ఇరాన్‌కు చెందిన సజాద్ గంజ్‌జాదే తల మీద తన్నాడు. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. దెబ్బను అదుపు చేయలేదని హమేదీని అనర్హుడిగా ప్రకటించారు, స్ట్రెచర్ మీద వెళ్లినవాడికి స్వర్ణం వచ్చింది. నియమాల ప్రకారం ఆ తీర్పు సరైనదే. అదుపు మా విద్యలో ప్రధాన గుణం. కానీ ఆ రోజు నా శిష్యుడు ఒకడు నన్ను అడిగిన ప్రశ్న, సౌత్‌పా గారి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఒక్కటే. "నియమాలు తొలగితే నిలవనిది యుద్ధ కళ కాదు" అని నేను పెట్టిన కొలబద్దకు మొదట నా పోటీ కరాటేయే నిలవలేదు.

కాబట్టి ఇప్పుడు ఇలా అంటాను. యుద్ధ కళ అన్న గుణం విద్య పేరులో కన్నా నేర్పే తీరులో ఉంది. పాయింట్లు లెక్కపెట్టడం మాత్రమే నేర్పితే కరాటే కూడా ఆటే. తన నియమాల హద్దు ఎక్కడుందో, ఆ హద్దు దాటితే ఏం జరుగుతుందో శిష్యుడికి చెప్పి, అక్కడ కూడా నిలబడేలా కొంతైనా సిద్ధం చేసేవాడు బాక్సింగ్ నేర్పినా యుద్ధ విద్యే నేర్పుతున్నాడు. పడవేత పోయిందన్న నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. దాన్ని మీరు జవాబుతో తీర్చలేరు, జిమ్‌లో తీర్చాలి.

తెల్ల గీ

ఈ చివరి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. నేర్పే తీరు మంచిదైతే ఏదైనా యుద్ధ విద్య అయిపోతుందా? పరుగు కూడా ప్రాణం కాపాడుతుంది, దాన్ని మనం యుద్ధ విద్య అనం. ఎదిరించే మనిషిని ఎదుర్కొనే పద్ధతి, అది తరం నుంచి తరానికి అందడం, ఈ రెండూ విద్యలోనే ఉండాలి. బాక్సింగ్‌లో ఈ రెండూ మొదటి నుంచీ ఉన్నాయి కాబట్టి, బలహీనమైన శిక్షకుడి చేతిలో కూడా అది యుద్ధ విద్యే, కాకపోతే సరిగా నేర్పనిది.

సౌత్‌పా

అందరికీ కృతజ్ఞతలు. తెల్ల గీ గారి మాటకే నా మనసు మొగ్గుతోంది. అయినా కటా సాధకుడు గారు అప్పగించిన పనిని తప్పించుకోను.

నిన్న ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాను. మనం నేర్చుకునేది యుద్ధ విద్య అనీ, దానికి నియమాలు ఎప్పుడు, ఎందుకు వచ్చాయో, అంతకు ముందు మన విద్యలో ఏమేమి ఉండేవో చెప్పాను. జుట్టు పట్టుకుని కొట్టిన కథ వాడికి బాగా నచ్చింది. గ్లవ్ లేకపోతే పిడికిలి ఎందుకు విరుగుతుందో ఎముక చూపించి చెప్పాను. వైద్యురాలి గారి మాట ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు తల మీద దెబ్బలుండే స్పారింగ్ ఈ వారం నుంచి ఆపేశాను. శరీరం మీద మాత్రమే, అదీ సగం బలంతో. ఇద్దరు తల్లిదండ్రులు పోటీలలో వెనకబడతారని బాధపడ్డారు. వారితో మళ్లీ మాట్లాడాలి.

వచ్చే ప్రదర్శనకు నిర్వాహకులకు మరోసారి రాస్తున్నాను. ఈసారి పది నిమిషాలలో ఏం చూపిస్తామో కూడా రాస్తాను. ఒక రౌండు షాడో బాక్సింగ్ (ఎదుట ఎవరూ లేకుండా గాలిలో చేసే సాధన), తర్వాత ఇద్దరు పిల్లలు దెబ్బలు వేయకుండా అడుగులతో మాత్రమే ఒకరినొకరు తప్పించుకోవడం, చివర బ్రాటన్ కాలపు నిలబడే తీరును నేటి తీరు పక్కన పెట్టి తేడా వివరించడం.

కటా సాధకుడు గారూ, ఒక సాయం కావాలి. చొక్కా చేయి పట్టుకుని లాగినప్పుడు మా పిల్లలు అలవాటుగా వెనక్కి తూగుతున్నారు, దాంతో పట్టు ఇంకా బిగుస్తోంది. మా అడుగులు చెడకుండా ఆ పట్టును విడిపించుకునే పద్ధతి మీ కటాలలో ఏదైనా ఉంటే, వచ్చి నేర్పగలరా?

కటా సాధకుడు

తప్పకుండా వస్తాను. వెనక్కి తూగకుండా, పట్టుకున్న చేతి వైపే సగం అడుగు వేసి మోచేతిని పైకి తిప్పాలి. మీ హుక్‌కు, అంటే పక్క నుంచి వంచి వేసే దెబ్బకు, నడుము తిప్పే తీరుకు అది చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి మీ పిల్లలకు త్వరగానే వస్తుంది. ఆ రోజు గ్లవ్స్ వద్దు. పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని రమ్మనండి, పట్టుకోవడానికి గుడ్డ ఉండాలి. బదులుగా నా శిష్యులకు రెప్ప వేయకుండా నిలబడడం మీరు నేర్పాలి.